సద్దు ఎవరిది, చలానా ఎవరికి?

ఆదివారం పొద్దున్నే ఐదున్నర, ఆరు గంటలప్పుడు నెల్లూరు దగ్గర హైవే పక్కన టీ బంకు కాడ నిలబడి చూడండి. మద్రాసు వైపు నుంచి పెద్ద బండ్లు వరసగా వస్తా ఉంటాయి. పదో, పదిహేనో. తోలేవాళ్ల మోకాళ్లకు గార్డులు, చేతులకు గ్లౌజులు, హెల్మెట్ మీద కెమెరా. బండి కనపడేదానికంటే ముందే సద్దు వస్తాది. టీ తాగి, ఫొటోలు దిగి, మళ్లీ మద్రాసు దారి పడతారు. మన పాలెం కుర్రోళ్లు పక్కన నిలబడి వాళ్లనే చూస్తా ఉంటారు. ఆ కళ్లలో ఏముందో నాకు తెలుసు. ఒకప్పుడు నా కళ్లలోనూ అదే ఉండేది.

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేసినాడు. వాడిది సముద్రం ఒడ్డున పట్టపుపాలెం. కృష్ణపట్నం పోర్టు కాడ నూనె ట్యాంకర్ తోలతాడు. రెండేళ్లు కూడబెట్టి, మిగిలింది కంతుల మీద పెట్టి 350 సీసీ బుల్లెట్ తీసుకున్నాడు. వాళ్ల ఇంట్లో అంత పెద్ద బండి అదే మొదటిది. నలుగురు స్నేహితులతో అరకు దాకా పోయి రావాలని వాడి ఆశ.

"మామా, దూరం పోయేముందు పైపు మారుస్తా ఉండా. కంపెనీ పైపు దోమ గీ పెట్టినట్టు ఉండాది. మద్రాసు నుంచి తెచ్చిస్తానని ఒకడు చెప్పినాడు."

"ఎందుకురా ఇప్పుడు?"

"సద్దు కోసమే మామా. పికప్పు కూడా పెరుగుతాదంట. ఇంకోటి, హైవేలో లారీవాళ్లకు మనం వస్తా ఉన్నట్టు వినపడాల గదా. ప్రాణానికి మంచిది."

మూడు కారణాలు చెప్పినాడు. సద్దు, పికప్పు, ప్రాణం. వాడికి ఫోన్లో చెప్పిన మాటలే ఇక్కడ రొంత వివరంగా రాస్తా ఉండా. ఇట్టాంటి అల్లుళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో చానామంది ఉండారు కాబట్టి.

ఆ గొట్టం లోపల ఏముంది?

ఇంజిన్లో పెట్రోలు మండిన ప్రతిసారీ వేడి పొగ వాల్వు తెరుచుకోంగానే ఒక్క పెట్టున బయటికి తన్నుకొస్తాది. ఆ తన్నే మనకు సద్దు. సైలెన్సర్ లోపల గదులు ఉంటాయి, చిల్లుల గొట్టాలు ఉంటాయి. పొగ ఆ గదుల్లో తిరిగి తిరిగి, రొంత చల్లబడి, ఉధృతం తగ్గి బయటికి వస్తాది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం చెప్పేది ఇదే. ప్రతి బండికీ ఈ సద్దు తగ్గించే సాధనం ఉండి తీరాల.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చినాయి. వీటిల్లో పొగ పోయే దారిలో ఇంకో సామాను ఉంటాది, కెటలిటిక్ కన్వర్టర్. బండిని బట్టి అది బెండు పైపులో ఉండొచ్చు, సైలెన్సర్లో ఉండొచ్చు. తేనెపట్టు మాదిరి సన్నటి గదులు, వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువునీ, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ అది చానా మటుకు విరిచేస్తాది. దారిలోనే ఒక ఆక్సిజన్ సెన్సర్ కూడా ఉంటాది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి బండి కంప్యూటర్‌కు చెప్తాది. ఆ లెక్క ప్రకారం పెట్రోలు ఎంత కొట్టాలో కంప్యూటర్ తేల్చుకుంటాది.

అంటే ఈ కాలం బండిలో సైలెన్సర్ విడిగా వేలాడే గొట్టం కాదు, ఇంజిన్ లెక్కలో భాగం. ఇందోరి అని, పంజాబి అని, షార్ట్ బాటిల్ అని బజార్లో అమ్మే వాటిల్లో చానా వరకు లోపల ఒక చిల్లుల గొట్టం, చుట్టూ గాజు ఊలు, అంతే. కొన్నిట్లో అదీ ఉండదు. కొనలో బిగించే డీబీ కిల్లర్ అనే చిన్న బిరడాను ఊడబెరికి జేబులో వేసుకోని తిరిగేవాళ్లు ఇంకొందరు.

పికప్పు కథ

రేసు బండ్లకు పైపు మారుస్తారు, నిజమే. కానీ అక్కడ పైపుతోపాటు గాలి పోయే దారి మారుస్తారు, కంప్యూటర్లో పెట్రోలు లెక్క మారుస్తారు, మిషను మీద ఎక్కించి కొలుస్తారు. మా అల్లుడి బండి బలం 20 గుర్రాలు. బండి బరువే దగ్గరదగ్గర 195 కిలోలు. ఒట్టి వెనక గొట్టం ఒకటి మార్చినంత మాత్రాన చెప్పుకోదగ్గ బలం ఏమీ రాదు. పొగ దారి తీరు మారితే, తక్కువ స్పీడులో లాగే శక్తి తగ్గినా తగ్గొచ్చు.

మరి మార్చినోళ్లందరూ "బండి ఎగిరిపోతా ఉంది" అంటారెందుకు? చెవి చేసే మోసం అది. సద్దు పెరిగితే స్పీడు పెరిగినట్టే తోస్తాది. కన్వర్టర్ తీసేసినాక ఇంజిన్ చెక్ లైటు వెలగొచ్చు. గేరు వదిలినప్పుడు పైపులో టపటపా పేలుళ్లు వస్తాయి. అది స్టైలని కొందరు మురిసిపోతారు. మండకుండా మిగిలిన పెట్రోలు వేడి పైపులో మండటమే ఆ పేలుడు. రేపు ఇంజిన్లో ఏదన్నా తేడా వస్తే, పైపు మార్చినావు కాబట్టి వారంటీ లేదు అనేదానికి షోరూమువాళ్లకు మీరే సాకు ఇచ్చినట్టు.

ప్రాణం కథ

మూడో కారణం కాడ నేను అల్లుణ్ణి ఒకటే అడిగినా. "నువ్వు ట్యాంకర్ తోలతా ఉన్నప్పుడు ఎదురుగా వచ్చే బుల్లెట్ సద్దు ఎప్పుడన్నా విన్నావా?"

కాసేపు మాట్లాడలా. "లేదు మామా. పక్కకు వచ్చేసినాక వినపడతాది. దాటిపోయినాక ఇంకా బాగా వినపడతాది."

అంతే గదా. పైపు నోరు వెనక్కి ఉంటాది. ప్రమాదం చానాసార్లు ఎదర నుంచి, అడ్డం నుంచి వస్తాది. లారీ క్యాబిన్లో దాని ఇంజిన్ మోతే సరిపోతాది. కారువాళ్లు అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకోని, పాటలు పెట్టుకోని పోతా ఉంటారు. మిమ్మల్ని కాపాడేది వెలిగే లైటు, అరగని టైరు, మంచి బ్రేకు, ఐఎస్‌ఐ హెల్మెట్. ఇంకా, లారీకి అద్దంలో కనపడని చోట పోకుండా ఉండే బుద్ధి.

సద్దు ముందు తినేది తోలేవాడి చెవినే. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లు. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండటమే చెవికి హద్దు అంటారు వృత్తి ఆరోగ్య నిపుణులు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతా పోతాది. 100 డెసిబెల్స్ కాడికి వచ్చేసరికి 15 నిమిషాలే. నెల్లూరు నుంచి అరకు వందల కిలోమీటర్ల దారి. పోతా వస్తా ఎన్ని పదిహేను నిమిషాలో మీరే లెక్క వేసుకోండి. గాలి మోత దీనికి అదనం. పోయిన చెవి మళ్లీ రాదు.

చట్టం ఏమంటా ఉంది?

చానామంది "మహా అయితే వెయ్యి రూపాయల చలానా" అనుకుంటా ఉండారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినాక సంగతి మారిపోయింది.

190వ సెక్షన్, రెండో ఉపసెక్షన్. సద్దు, కాలుష్యం, రోడ్డు భద్రత నియమాలు తప్పిన బండి తోలితే మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత. రెండోసారి దొరికితే జైలు 6 నెలల దాకా.

182ఏ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్. ఓనరే రూల్సు ఒప్పుకోని మార్పు చేయిస్తే, బయటి సామాను బిగించడం కూడా ఇందులోకే వస్తాది, 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ.

కంపెనీ ఇచ్చిన మూల రూపాన్ని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి పోయిన కేసులో చెప్పేసింది. ఇక సద్దు హద్దు సంగతి. 80 నుంచి 175 సీసీ దాకా బండికి 77 డెసిబెల్స్, 175 దాటితే 80. ఇది 2005లో బండి తయారీకి పెట్టిన లెక్క.

ఇందులో మా అల్లుడికి తగిలే ముల్లు యాడుందో చూసినారా? జరిమానా కాదు. లైసెన్సు. నెలకు ఒక కంతు కట్టేవాడికి 3 నెలలు లైసెన్సు లేకపోతే ట్యాంకర్ ఎక్కనిచ్చేవాడు ఉండడు. బుల్లెట్ మీద చేసిన తప్పుకు ట్యాంకర్ మీది కూడు పోతాది. ఆటో తోలేవాళ్లు, రొయ్యల బండ్లు తోలేవాళ్లు, జేసీబీ మీద బతికేవాళ్లు, అందరికీ ఇదే. లైసెన్సు మీద బతికేవాడు పైపుతో ఆటలాడకూడదు.

రోడ్డు రోలర్ ఎవరి మీదికి పోయింది?

విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియో మీ ఫోన్లలోకి కూడా వచ్చే ఉంటాది. హైదరాబాదులోనూ ఇదే పద్ధతి. చూసేదానికి బాగుంటాది. జనం చప్పట్లు కొడతారు.

నేను సద్దు పక్షం కాదు. కానీ రెండు ప్రశ్నలు అడగాల్సిందే.

ఒకటి, ఆ పైపులు ఆకాశం నుంచి ఊడిపడినాయా? మద్రాసు పుదుపేటలో, జీపీ రోడ్డులో, మన టౌన్లలో షాపుల ముందు వేలాడదీసి అమ్ముతా ఉండారు. ఫోన్లో నొక్కితే ఇంటికే వస్తాది. డబ్బా మీద రేసుకు మాత్రమే అని సన్నక్షరాల్లో అచ్చేసి చేతులు దులుపుకుంటారు. మన జిల్లాలో రేసు ట్రాకు యాడుందబ్బా? చట్టం ప్రకారం బండ్ల డీలరు రూల్సు తప్పిన బండి అమ్మినా, మార్చి ఇచ్చినా బండికి లక్ష జరిమానా. విడిభాగాలు అమ్మేవాడికీ ఒక సెక్షన్ ఉంది. కానీ అది భద్రతకు కీలకం అని కేంద్రం నోటిఫై చేసిన సామానుకే. ఒట్టి పైపు అమ్మి, పక్క మెకానిక్ చేత బిగింపించేవాడి దాకా చట్టం చెయ్యి సూటిగా చేరడం లేదు. కొన్నోడికి జైలు మాట, అమ్మినోడికి గల్లాపెట్టె. సారా కాసేవాణ్ణి వదిలేసి తాగినోణ్ణి కొట్టే పాత పద్ధతే ఇదీ.

రెండు, ఆపేది ఎవర్ని? లక్ష దాటే టైటానియం పైపులూ ఉండాయి. అట్టాంటివి బిగించిన బండ్ల గుంపును హైవేలో ఆపి మీటరు పెట్టి కొలవడం నేనైతే ఇంతవరకు చూళ్లా. మైపాడు రోడ్డులో పాత పల్సర్ మీద పోయే పాలెం పిల్లోణ్ణి ఆపడం మాత్రం చానాసార్లు చూసినా. అదీ చెవితో విని, మనిషిని చూసి. నాయకుడి ర్యాలీలో, హీరో పుట్టినరోజు ఊరేగింపులో రెండొందల బండ్లు రేజింగ్ చేస్తా పోతే అదే పోలీసులు ముందు నడిచి దారి ఇస్తారు. కొలత అందరికీ ఒకటే అయితేనే అది చట్టం. లేకపోతే మామూలు బెదిరింపే.

వినేది ఎవరు?

ఇప్పుడు అసలు మాటకు వస్తా. మనకు సద్దు ఎందుకు కావాల?

బుల్లెట్ 1955 నుంచి మన పక్కనే, మద్రాసు తిరువొత్తియూరులో తయారవడం మొదలైంది. మిలిటరీకి, పోలీసుకు అమ్మినారు. మా చిన్నప్పుడు ఊర్లో బుల్లెట్ సద్దు వినపడిందంటే ఎస్సై అన్నా వస్తా ఉండాలి, పెద్ద రెడ్డి అన్నా వస్తా ఉండాలి. అరుగు మీద కూచున్నోళ్లు లేచి నిలబడేవాళ్లు. ఆ సద్దుకు జనం లేచేవాళ్లు, బండికి కాదు. సద్దు అంటే అధికారం. ఇప్పుడు ఆ బండి మన వాడలోకి వచ్చింది. మన మాట ఆఫీసులో ఎవడూ వినడు, పైపన్నా వినాల అని మనోడికి తోస్తే నేను వాణ్ణి తప్పుపట్టలేను.

కానీ ఆ సద్దు ఎవరికి వినపడతా ఉంది? ఆఫీసరు బంగళా దాకా అది పోదు. మన పాలెంలోనే వినపడతాది.

చట్టంలో రాత్రి అంటే 10 నుంచి 6 దాకా. ఇండ్లున్న చోట రాత్రి 45 డెసిబెల్స్, పగలు 55 హద్దు అని 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాలు చెప్తాయి. పాలెంలో రాత్రి అట్టా ఉండదు. రెండు, మూడు గంటలకు లేచి పడవ తోసుకోని పోయినోడు పొద్దెక్కినాక ఒడ్డుకు వస్తాడు. వాడికి మధ్యాహ్నమే నిద్ర. రాత్రంతా రొయ్యల గుంట కాడ ఏరియేటర్ల మోతలో కాపలా ఉన్నోడికీ పగలే నిద్ర. ఆ నిద్ర మీదుగా పోతా ఉంది మన పైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. కుర్రోళ్లు ఖాళీ, బండ్లు బయటికి తీస్తారు. ఒక వీధి కుర్రోడు ఇంకో వీధిలో రేజింగ్ చేస్తే అది సద్దుగా మిగలదు, సవాలు అవుతాది. పైపు కాడ మొదలైన మాట కులం దాకా పోయి, కేసుల దాకా పోయి, కాన్పుకో పెండ్లికో పెట్టుకున్న డబ్బులు లాయరు చేతికి పోవడం నేను దగ్గరుండి చూసినా. ఆ రాజీల్లో కూచున్నోణ్ణి.

మనుషులే కాదు. చలికాలం వచ్చిందంటే పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి, నేలపట్టులో గూడబాతులు గుడ్లు పెడతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోనే పోతాది. పక్షులను చూసేదానికని వచ్చి, పక్షులు లేచిపోయేట్టు పైపు మోగించేవాళ్లను ఏమనాల?

నా తప్పు కూడా చెప్పుకోవాల. ఇరవై ఏళ్ల వయసులో నాకు సెకండ్ హ్యాండు ఆర్ఎక్స్ 100 ఉండేది. సైలెన్సర్ లోపలి గొట్టం పీకించేసి, మా వీధిలో రోజూ సాయంత్రం అటూ ఇటూ నాలుగు చుట్లు వేసేవాణ్ణి. మూల ఇంటి పెద్దమ్మ మనవరాలికి అప్పుడు నెలల బిడ్డ. ఆ పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలా. నా బండి సద్దు వినపడితే చాలు, ఉయ్యాల్లోంచి బిడ్డను ఎత్తుకోని రెండు చేతులతో చెవులు మూసి లోపలికి పోయేది. నేను దాన్ని భయం అనుకోని గర్వపడినా. అసయ్యం అని అర్థమయ్యేదానికి నాకు పదేళ్లు పట్టింది.

మరి ఏం చేద్దాం?

టూరు పోబాకండి అని నేను చెప్పను. పోండి. పాలెం పిల్లోడు అరకు చూడాల, లడఖ్ చూడాల. లోకం మీది కూడా.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇంకో బాధ ఉంది. ఉప్పు గాలికి సైలెన్సర్ తొందరగా తుప్పు పడతాది. కంపెనీ సామాను రేటు చూసి గుండె ఆగిపోతాది. అందుకే చవక పైపుకు పోయేవాళ్లు ఉండారు, సరదాకు కాదు. వాళ్లకు ఒక మాట. బీచికి పోయి వచ్చినాక బండి చల్లారనిచ్చి మంచినీళ్లతో కడగండి. వేడి పైపు మీద నీళ్లు పోయబాకండి. కింద చిన్న బెజ్జం ఉంటే పూడిపోకుండా చూసుకోండి, లోపల చేరే నీళ్లు పోయే దారి అది. రోజూ ఊళ్లోనే రెండు ఫర్లాంగులు తిప్పి ఆపేస్తే పైపు లోపల తడి ఆరక లోపలి నుంచే తింటాది. మార్చక తప్పకపోతే మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చేదే, బిల్లుతో తీసుకోండి. ఇప్పటికే మార్చి ఉంటే పాత పైపు అమ్మబాకండి, తిరిగి బిగించుకోండి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది మూడు. చలానా రాసే ముందు మీటరుతో కొలవాల, ఆ అంకె కాగితం మీద ఉండాల. పైపు అమ్మే షాపు, ఆన్‌లైన్ అమ్మకం, రెంటి మీదా సూటిగా కేసు పెట్టే నియమం రావాల. ర్యాలీ బండ్లకు ఏ కొలతో పాలెం బండికీ అదే కొలత ఉండాల.

ఊరు చేసుకోవాల్సింది ఒకటి ఉంది. 1992లో ఇదే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా మీద లేచినప్పుడు ముందు పోలీసు రాలేదు, చట్టం రాలేదు. ఆడోళ్లు కూచోని మాట్లాడుకున్నారు. చట్టం వాళ్ల వెనక వచ్చింది, 1993లో సారా నిషేధం అయింది. పైపు అంత పెద్ద సంగతి కాదు. కాబట్టి ఇంకా తేలిక. వేట నుంచి వచ్చినోళ్లు పడుకునే వేళ ఏదో పాలెంలో కుర్రోళ్లే కూచోని తేల్చుకోండి. ఆ వేళ బండి ఊరి బయట దాకా తోసుకోని పోయి స్టార్టు చేయండి.

మా అల్లుడి పైపు వచ్చేసింది. డబ్బా మంచం కింద ఉందంట, ఇంకా విప్పలేదంట. "ఆలోచిస్తా ఉండా మామా" అన్నాడు. ఆలోచించనీ. వాళ్లమ్మ పొద్దున్నే చేపలు ఎండేసి వచ్చి మధ్యాహ్నం ఆ మంచం మీదే రొంతసేపు కునుకు తీస్తాది.